నాగలి దిగని చోటు

ఏరువాక పున్నమి వెళ్ళి నాలుగు రోజులైంది. ముందు రోజు సాయంత్రం గట్టి వాన కురిసింది. తుగ్గలి నుంచి జొన్నగిరికి పోయే దారి పొడవునా ఎర్రచేలల్లో ఎద్దులకంటే మనుషులే ఎక్కువ కనిపించారు. అందరివీ వంచిన తలలే. నేల మీది చూపు తిప్పకుండా ఒక్కో అడుగే వేసుకుంటూ పోతున్నారు. గట్ల మీద నీలం పట్టలు, మూడు రాళ్ళ పొయ్యిలు, సద్దిమూటలు. తొలకరి పడిందంటే చాలు, వజ్రాల కోసం ఊళ్ళకు ఊళ్ళే ఇక్కడికి వచ్చి మకాం పెడతాయి.

నా బండి వెనక కట్టిన టెంటు చూసి వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దమ్మ పలకరించింది.

"నువ్వూ రాళ్ళకేనా నాయనా?"

"కాదమ్మా. అడవులు సూసేకి పోతాండా, తిరుపతి దాకా. ఒక్కణ్ణే."

"ఒక్కనివే అడివిలో పండుకుంటావా? ఏం కర్మ నాయనా నీకు!" అని నవ్వింది. తను మాత్రం మూడు రాత్రులుగా ఆ చెట్టు కిందే పట్ట కట్టుకుని పడుకుంటోంది.

మా పడమటి మండలాల వాళ్ళకు గుడారం వింత కాదు, వినోదమూ కాదు. సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు పోయే కుటుంబాలు మిరపచేల పక్కన పట్టల కిందే నెలలు గడుపుతాయి. సరదాకి టెంటు వేసుకునేవాణ్ణి చూస్తే ఆ పెద్దమ్మకు నవ్వు రాక ఏమొస్తుంది!

నేను గీసుకున్న దారి ఇది. జొన్నగిరి, ఎర్రగుడి చూసుకుని కర్నూలు మీదుగా రోళ్ళపాడు అభయారణ్యం. అక్కడి నుంచి ఆత్మకూరు దగ్గరి నల్లమల. ఆపైన బెలుం గుహలు, గండికోట, లంకమల. చివరికి శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం. ఈ పటం మీద రాళ్ళ పటాన్ని ఆనించి చూసినప్పుడు ఒక సంగతి తట్టింది. అభయారణ్యాలు ఎక్కడ పడితే అక్కడ లేవు. కొన్ని రకాల రాళ్ళ మీదే ఉన్నాయి. అలా ఎందుకు ఉన్నాయో తెలుసుకోవడానికి నా దగ్గరున్న పరికరం ఒక్కటే, టెంటు తాళ్ళు కట్టే ఇనప మేకు.

వాన కడిగిన రాయి

ముందు ఆ పెద్దమ్మ వెతుకుతున్న రాయి సంగతి చూద్దాం. వజ్రం ఈ చేలల్లో పుట్టలేదు. మన కాళ్ళ కింద 150 కిలోమీటర్లకు పైబడిన లోతులో, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో కార్బన్ పరమాణువులు బిగుసుకుంటే వజ్రమవుతుంది. దాన్ని పైకి తెచ్చేది కింబర్లైట్ అనే ఒక రకం శిలాద్రవం. లోపలి వాయువుల తోపుతో అది గంటల్లోనో రోజుల్లోనో పైకి దూసుకొస్తుంది. నెమ్మదిగా వచ్చిందా, దారిలో వజ్రం కాస్తా గ్రాఫైటుగా మారిపోతుంది. మనకు దక్షిణాన అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర ఇలాంటి కింబర్లైట్ గొట్టాలున్నాయి. వాటి వయసు సుమారు 110 కోట్ల ఏళ్ళు.

కింబర్లైట్ మెత్తని రాయి. ఎండకు, వానకు తొందరగా మట్టయిపోతుంది. అందులోని వజ్రం మాత్రం చెక్కుచెదరదు. వాగులు దాన్ని దొర్లించుకుంటూ పోయి గులకరాళ్ళ మధ్య, ఎర్రమట్టిలో ఎక్కడో దించేస్తాయి. బనగానపల్లె చుట్టుపక్కల పాతకాలపు వజ్రపు గనులన్నీ అలాంటి గులకరాళ్ళ పొరను తవ్వినవే. శిలాద్రవం మోసుకొచ్చిన వజ్రాన్ని వాగు ఒకసారి కదిలించింది, ఇప్పుడు నాగలి తిరగేస్తోంది.

మరి తొలకరికే ఎందుకు బయటపడుతుంది? దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి బరువు. నీటి బరువుతో పోలిస్తే మామూలు పలుగురాయి రెండున్నర రెట్ల పైచిలుకు ఉంటుంది. వజ్రం మూడున్నర రెట్లు. దుక్కి దున్నిన నేల మీద వాన దంచినప్పుడు సన్నమట్టి, తేలికరాళ్ళు కొట్టుకుపోతాయి, బరువైనవి ఉన్నచోటే తేలుతాయి. రెండోది వజ్రం స్వభావం. దానికి నీళ్ళంటే పడవు, జిడ్డంటే ఇష్టం. తడిమట్టి పలుగురాయిని పట్టుకున్నట్టు వజ్రాన్ని పట్టుకోదు. అందుకే గనుల్లో ఒకప్పుడు గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకరను నీళ్ళతో పారించేవాళ్ళు. రాళ్ళన్నీ జారిపోయేవి, వజ్రాలు గ్రీజుకు అతుక్కుపోయేవి. పెద్దమ్మకు ఈ లెక్కలు తెలియవు. అయినా ఆమె చెప్పింది ఇదే: "వాన కడిగితే అదే కనపడతాది. మన కండ్లు దాని మీద పడల్ల, అంతే."

వజ్రాలే కాదు, జొన్నగిరి కింద బంగారమూ ఉంది. 250 కోట్ల ఏళ్ళకు పూర్వం సముద్రపు అడుగున పరుచుకున్న లావా నలిగి, ఉడికి, ఆకుపచ్చ రాయిగా మారింది. దాని పగుళ్ళలోకి ఎక్కిన వేడినీళ్ళు పలుగురాతి తీగల్లో బంగారాన్ని వదిలిపెట్టాయి. అశోకుడి శాసనాల్లో కనిపించే సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల మాట. ఇప్పుడు ఇక్కడే ప్రైవేటు రంగంలో బంగారు గని వెలిసింది.

బండ మీద పడక

ఆ సాయంత్రం ఎర్రగుడి శాసనాల దగ్గరికి పోయాను. 1920ల చివర్లో వీటిని గుర్తించినవాడు చరిత్రకారుడు కాదు, భూగర్భ శాస్త్రవేత్త. పేరు అనూ ఘోష్. రాళ్ళ కోసం వచ్చినవాడికి రాళ్ళ మీది రాత దొరికింది. అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్న అరుదైన తావు ఇది. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చాలు చివర ఎద్దులు మళ్ళినట్టే రాత కూడా మళ్ళుతుంది.

ప్రధాన శాసనాల్లో మొదటిది జంతువధ వద్దంటుంది. రెండోది దారుల పక్కన మనుషులకూ పశువులకూ బావులు తవ్వించిన సంగతి, చెట్లు నాటించిన సంగతి చెబుతుంది. ఒంటరిగా దారిన పోయేవాడి గురించీ నోరులేని జంతువు గురించీ ఒకేచోట పట్టించుకున్న ఆ ప్రభుత్వ ప్రకటన క్రీస్తుపూర్వం మూడో శతాబ్దిది.

శాసనాల గుట్టకు దూరంగా, ఒక చేను గట్టున ఉన్న బండ మీద టెంటు వేయబోయాను. మేకు దిగలేదు. తాళ్ళను రాళ్ళకు కట్టి పడుకున్నాను. అర్ధరాత్రి దాకా వీపు కాలుతూనే ఉంది. గాలి చల్లబడింది, బండ చల్లబడలేదు.

గ్రానైటు గుల్లలేని రాయి. పగటి వేడిని పైపొరలోనే ఆపకుండా లోపలికి లాక్కుంటుంది. పొద్దు గుంకాక ఆ దాచిన వేడినంతా నెమ్మదిగా బయటికి వదులుతుంది. పొడి ఎర్రమట్టి అలా కాదు. రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి పై నాలుగు వేళ్ళ మందాన్ని దాటి లోపలికి పెద్దగా పోదు. మధ్యాహ్నం అరికాలు చుర్రుమనిపించిన మట్టి రాత్రి తొమ్మిదికల్లా చల్లబడుతుంది. నేను పక్కనున్న చేనులోకి మారాను. పైన ఆరినా లోపల వానకు నానే ఉన్న ఎర్రమట్టిలో మేకు బొటనవేలితో నొక్కితే దిగిపోయింది.

గమ్మత్తేమంటే ఆ మట్టి ఆ బండ బిడ్డే. గ్రానైటులో మూడు ముఖ్యమైన ఖనిజాలుంటాయి. వాటిలో ఫెల్డ్‌స్పార్ నీటితో కలిసి బంకమన్నవుతుంది, నల్లమైకాలోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కుతుంది, పలుగురాయి ఇసుకై మిగులుతుంది. బండ పగుళ్ళలోకి నీళ్ళు దిగేచోట, మూలల్లో, ఈ పని జోరుగా సాగుతుంది. మూలలు అరిగి చదరపు దిమ్మె గుండవుతుంది. ఆదోని కొండల మీద ఒకదాని మీదొకటి పేర్చినట్టుండే గుండ్లన్నీ అలా తయారైనవే. అరిగి మట్టయిన చోట నాగలి దిగింది, అరగని చోట గుట్ట మిగిలింది.

ఆ రాత్రి మొదట బండ మీద పడుకున్నప్పుడు ఆగ్నేయం వైపు చూస్తే వృశ్చికం గుండెలో ఎర్రగా జ్యేష్ఠ నక్షత్రం. చంద్రుడు ఇంకా లేవలేదు. అప్పుడు నడుస్తున్నది మృగశిర కార్తె, అంటే సూర్యుడు మృగశిర దగ్గర ఉన్న రోజులు. ఆ నక్షత్రం పగటి వెలుగులో మునిగి ఉంటుంది కాబట్టి రాత్రి వెతికినా దొరకదు. దానికి దాదాపు ఎదురుగా ఉన్న జ్యేష్ఠ మాత్రం రాత్రంతా ఆకాశంలో ఉంటుంది. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉండాలి గనక ఏరువాక పున్నమినాడు జ్యేష్ఠ దగ్గరికే వస్తాడు. నెలకు జ్యేష్ఠమని పేరు అందుకే వచ్చింది. రైతు చెప్పే కార్తె సూర్యుడి లెక్క, పున్నమి చంద్రుడి లెక్క. రెండూ కలిసేచోట నాగలి కడతాడు.

బట్టమేక లేని బయలు

రోళ్ళపాడులో చెట్లు లేవని నిరాశపడేవాళ్ళున్నారు. నందికొట్కూరు దాటాక కనుచూపు మేరా గడ్డి, అక్కడక్కడ కృష్ణజింకల మందలు. 1988లో దీన్ని అభయారణ్యం చేసింది అడవి కోసం కాదు, ఒక పిట్ట కోసం. దాని పేరు బట్టమేక. మీటరు ఎత్తు. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగే పక్షుల్లో అంతకంటే బరువైనవి ప్రపంచంలో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. జత కట్టే కాలంలో మగది గొంతు కింద సంచిని ఊదుకుని, తోక ఎత్తి, బయలు దద్దరిల్లేలా మూలుగుతుంది.

బట్టమేకకు చెట్టు అక్కర్లేదు, గూడూ అక్కర్లేదు. ఆడది ఉత్త నేల మీద ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు గేదె కాలికింద పడినా, కుక్క కంటపడినా ఆ ఏడాది అంతే. కాకి, పావురం లాంటివి నష్టాన్ని నెలల్లో పూడ్చుకుంటాయి. బట్టమేకకు పూడ్చుకునే లెక్క లేదు.

1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహ్మానీ, రంజిత్ మనకదన్ వంటి పరిశోధకులు ఇక్కడ మకాం వేసి ఈ పక్షిని గమనించారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల మెట్టచేలల్లో జొన్న, కొర్ర పండేవి. కోత అయ్యాక ఆ చేలు కూడా పిట్టకు బయలే. మిడతలు, గింజలు దొరికేవి. తర్వాత కాలువనీళ్ళొచ్చాయి. పక్కనే అలగనూరు జలాశయం వచ్చింది. మెట్టపైర్ల చోటును పత్తి లాంటివి ఆక్రమించాయి. అభయారణ్యం ఎంత? 6.14 చదరపు కిలోమీటర్లు. గడ్డిమైదానాల మీద కిలోమీటర్ల కొద్దీ తిరిగే పక్షికి అది వాకిలి లాంటిది. ఇల్లు చుట్టుపక్కల చేలల్లో ఉండేది. ఇల్లు పోయింది, వాకిలి మిగిలింది. ఇప్పుడు అక్కడ బట్టమేక కనిపించడం దాదాపు లేనట్టే. దేశం మొత్తం మీదే నూటయాభైకి మించి లేవని అంచనా.

మిగిలినవాటికి కరెంటు తీగలు యముడయ్యాయి. బట్టమేక కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ పొంచిన నక్కను, తోడేలును కనిపెట్టడానికి అది మంచి ఏర్పాటు. కానీ ఎదురుగా చూసే వెడల్పు బాగా తక్కువ. ఎగురుతూ కింది గడ్డిని వెతకడానికి తల వంచిందంటే ముందున్నదేదీ కనపడదు. తీగ దగ్గరికొచ్చాక కనపడినా, అంత బరువున్న ఒళ్ళు ఒక్కసారిగా పక్కకు తిరగదు.

అభయారణ్యంలో టెంటు వేయనివ్వరు. ఆ రాత్రి బయట ఒక రైతు కళ్ళంలో పడుకున్నాను. మేకు మెత్తగా దిగింది. రోళ్ళపాడు విషాదమంతా ఆ మెత్తదనంలోనే ఉందని అప్పుడు తోచలేదు.

ఊళ్ళ పేర్లు పెట్టుకున్న రాళ్ళు

మా పడమటి సీమకు తూర్పున, డోన్ దాటి బేతంచెర్ల వైపు పోతుంటే నేల మారిపోతుంది. గుండ్లు మాయమై, పుస్తకాల దొంతరలా పరిచిన రాళ్ళు మొదలవుతాయి. అక్కడి నుంచి తూర్పున వెలికొండల దాకా, దక్షిణాన తిరుమల దాకా నెలవంక ఆకారంలో పరుచుకున్నదే కడప బేసిన్. విస్తీర్ణం సుమారు 44,000 చదరపు కిలోమీటర్లు. దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ళ కిందట గ్రానైటు నేల కుంగి అక్కడ సముద్రం నిలిచింది. ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి రాళ్ళయ్యాయి.

ఆ పొరలను వరస పెట్టి వర్ణించిన విలియం కింగ్ గ్రంథాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1872లో అచ్చువేసింది. పై పొరలకు భూగర్భ శాస్త్రంలో స్థిరపడిన పేర్లు చదివితే నంద్యాల వైపు ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది. అడుగున బనగానపల్లె క్వార్ట్జైట్, దాని మీద నార్జి సున్నపురాయి, ఆపైన అవుకు షేల్, పాణ్యం క్వార్ట్జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటే పైన నంద్యాల షేల్.

వీటిని మూడు రకాలుగా విడదీస్తే అసలు కథ బయటపడుతుంది. షేల్ అంటే గట్టిపడిన బురద, తొందరగా అరుగుతుంది. సున్నపురాయి వాననీళ్ళకు కరుగుతుంది. ఈ రెండూ ఉన్నచోట నేల పల్లమై, నల్లరేగడి చేరి, కుందూ లోయ లాంటి బంగారు పంటభూములు ఏర్పడ్డాయి. క్వార్ట్జైట్ దారి వేరు. అది దాదాపు పూర్తిగా పలుగుఇసుకే. రేణువుల మధ్య కూడా పలుగే నిండి, బిగుసుకుపోయి ఉంటుంది. అందులో బంకమన్ను అయ్యే ఫెల్డ్‌స్పార్ లేదు, తుప్పుపట్టి మెత్తబడే ఇనుమూ లేదు. కోట్ల ఏళ్ళు వానలు కురిసినా దాని మీద జానెడు మట్టి చేరదు. చుట్టూ ఉన్న మెత్తని పొరలు అరిగిపోతే అది కొండై నిలుస్తుంది.

నల్లమల, లంకమల, పాలకొండలు, శేషాచలం, అన్నింటి వెన్నెముక క్వార్ట్జైటే. మన అడవులన్నీ ఆ వెన్ను పట్టుకునే బతుకుతున్నాయి.

ఆత్మకూరు దాటి నల్లమలలోకి ప్రవేశిస్తే ఆ సంగతి కళ్ళకు కడుతుంది. కింద చేలు, పైన అడవి. రెంటి మధ్య గీత గీసింది ప్రభుత్వం కంటే ముందు రాయే. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 3,568 చదరపు కిలోమీటర్లు, దేశంలో అన్నిటికంటే పెద్దది. రాష్ట్ర విభజన తర్వాత ఉత్తర భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు వెళ్ళింది.

మన దేశంలో అడవిలో ఇష్టమొచ్చినచోట గుడారం వేయడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్ళాలంటే అనుమతి కావాలి, నిప్పు రాజేయకూడదు. అందుకే ఆత్మకూరు దగ్గరి బైర్లూటిలో అటవీశాఖ వాళ్ళే నడిపే శిబిరంలో దిగాను. రాత్రి వాన పడింది. తెల్లారి లేచేసరికి టెంటు పైగుడ్డ లోపలి వైపు చెమట పట్టినట్టు నీటిచుక్కలు. పైకప్పు కారిందనుకున్నాను. కారలేదు. నిద్రపోయే మనిషి ఊపిరి నుంచి, ఒంటి నుంచి ఒక్క రాత్రిలో ఇంచుమించు గ్లాసెడు నీళ్ళు ఆవిరవుతాయి. పైగుడ్డ చల్లబడగానే ఆ ఆవిరి దాని మీద చుక్కలు కట్టింది. టెంటుకు రెండు వైపులా గాలి ఆడే సందులు పెట్టేది వానకు భయపడి మనం మూసేయడానికి కాదు.

పెన్న కోసిన గండి

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లో సున్నపురాయి తన గుణం చూపిస్తుంది. వాననీళ్ళు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలుచని ఆమ్లమై, పగుళ్ళలోకి దిగి, నార్జి సున్నపురాయిని కరిగించుకుంటూ సొరంగాలు తొలిచాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి జనాన్ని అనుమతిస్తున్నారు. పైన చూస్తే మామూలు చదునైన చేను. ఆ చేను కింద ఇంత ఖాళీ ఉందంటే నమ్మబుద్ధి కాదు. సున్నపురాతి నేలకు అభయారణ్యం దక్కలేదు. నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు దక్కాయి.

గండికోటలో మళ్ళీ క్వార్ట్జైట్. పెన్నానది ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుపోయిన లోయ అది, దాదాపు మూడు వందల అడుగుల లోతు. రాయి ఇంత గట్టిదైతే నది ఎలా కోసింది? రాయిని అరగదీసి కాదు, ఇటుకలు ఊడదీసినట్టు. పొరలు అడ్డంగా ఉన్నాయి, పగుళ్ళు నిలువుగా ఉన్నాయి. నది అడుగును తొలుస్తుంటే పైనున్న దిమ్మెలు పగుళ్ళ వెంబడి విరిగి పడుతుంటాయి. అందుకే గోడలు వాలుగా కాకుండా మేస్త్రి కట్టినట్టు నిటారుగా ఉంటాయి.

దీన్ని మన గ్రాండ్ కాన్యన్ అని పిలుచుకుంటున్నాం. లోతులో, పొడవులో అమెరికా లోయ ముందు ఇది వాగు. అంచు రాయి వయసులో మాత్రం మనదే పెద్దరికం. గ్రాండ్ కాన్యన్ అంచున మనుషులు నిలబడే సున్నపురాయి వయసు 27 కోట్ల ఏళ్ళు, అందులో సముద్రజీవుల శిలాజాలున్నాయి. గండికోట రాయికి వంద కోట్ల ఏళ్ళు ఎప్పుడో నిండాయి. అది పేరుకునే నాటికి భూమ్మీద జంతువన్నదే లేదు. ఒక పలక మీద నీటి అలలు గీసిన గీతలు వేలికి తగిలాయి. లోతులేని నీళ్ళు ఇసుకను తడుముతూ పోయిన జాడ. దాన్ని చూడడానికి అప్పుడు కన్నున్న ప్రాణి లేదు.

సాయంత్రం అంచుకు దూరంగా టెంటు వేశాను. మేకును రాతిసందులో పెట్టి గుండ్రాయితో కొట్టాను. నాలుగో దెబ్బకు మేకే వంగిపోయింది. రోళ్ళపాడు కళ్ళంలో మెత్తగా దిగిన మేకు అప్పుడు గుర్తొచ్చింది. మేకు దిగినచోట నాగలి దిగుతుంది. నాగలి దిగినచోట పిట్టకు చోటుండదు. మేకు వంగినచోట అడవి మిగులుతుంది.

ఎత్తున, దూరాన

ఇది మా సీమ ఒక్కదాని కథ కాదు. 2009లో లూకస్ జొప్పా, అలెగ్జాండర్ పఫ్ అనే పరిశోధకులు 147 దేశాల రక్షిత ప్రాంతాలను లెక్కగట్టారు. చాలా దేశాల్లో అవి ఎత్తైన చోట్ల, నిటారు వాలుల మీద, రోడ్లకూ పట్నాలకూ దూరంగా, సేద్యానికి పనికిరాని నేలల్లోనే ఉన్నాయని తేలింది. అమెరికాలో మొదటి జాతీయ ఉద్యానం ఎల్లోస్టోన్ ఏర్పడింది 1872లో, విలియం కింగ్ మన రాళ్ళ గ్రంథం వెలువడిన ఏడాదే. అది ఎత్తైన చలిప్రదేశం, వ్యవసాయానికి కొరగాదు అని చెప్పే అప్పట్లో చట్టసభ సభ్యులను ఒప్పించారు.

ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ ఉద్యానాలు మూడు. శేషాచలం మీద ఒకటి, గోదావరి కొండల్లో పాపికొండలు ఒకటి. మూడోది చదునైన చోట ప్రొద్దుటూరు పక్కన పెన్న ఒడ్డున ఉన్న రాజీవ్ గాంధీ జాతీయ ఉద్యానం. విస్తీర్ణం రెండున్నర చదరపు కిలోమీటర్లకు లోపే. కొండ మీద వందల చదరపు కిలోమీటర్లు ఇచ్చిన చేయి పల్లంలో ఎంత బిగుసుకుందో చూడండి.

కొండకూ పల్లానికీ మధ్య సందులో బతికే పిట్ట మరొకటుంది. కలివికోడి. థామస్ జెర్డన్ దాన్ని 1848లో లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనపడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. అప్పటికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఊరూరా బొమ్మలు చూపించి వెతుకుతున్నాడు. ఎనభై ఆరేళ్ళు శాస్త్రవేత్తలకు దొరకని పిట్ట ఊళ్ళో మనిషికి తెలిసిందే. దానికోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మారింది.

కలివికోడి పొద్దుగూకాక తిరుగుతుంది, పొదల మధ్య ఖాళీ నేలలో పరుగెడుతుంది. వేషం మట్టిరంగు. చూసి లెక్కపెట్టడం అయ్యేపని కాదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య సన్నమట్టి పట్టీలు పరిచి, తెల్లారి వచ్చి అడుగులు వెతికారు. కలివికోడి కాలికి వెనకవేలు లేదు. మూడే వేళ్ళ ముద్ర. కొండవాలు దిగువన ఉండే ఆ పలుచని పొదలను మేకలు మరీ ఎక్కువ మేస్తే బయలవుతుంది, అస్సలు మేయకపోతే చిక్కటి పొదరిల్లవుతుంది. రెండూ దానికి పనికిరావు. అలాంటి నేలను పనికిరాని బంజరని రికార్డుల్లో రాసుకోవడం మనకు అలవాటు.

ఘాట్ రోడ్డులో తుగ్గలి రాయి

ఆఖరి మజిలీ తిరుమల. శేషాచలంలోని 353 చదరపు కిలోమీటర్ల అడవిని 1989లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ దక్షిణపు తూర్పు కనుమల రాతివాలుల్లోనే నిలబడుతుంది. మట్టి లేని చోట నెమ్మదిగా పెరగడమే దాని గట్టి చేవ రహస్యమంటారు.

ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట బండి ఆపాను. భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిన చోటది. కింద గరుకుగా, పొరల్లేకుండా గ్రానైటు. దాని నెత్తిన బల్లపరుపుగా పరుచుకున్న క్వార్ట్జైట్. రెంటి మధ్య ఒక గీత. ఆ గీత మందం అంగుళం ఉండదు. అది దాచుకున్న కాలం మాత్రం సుమారు 80 కోట్ల ఏళ్ళని సాధారణంగా చెప్పే లెక్క. అంతకాలం ఇక్కడ ఏమీ పేరుకోలేదు, ఉన్నది అరిగింది. ఆ అరిగిన గ్రానైటు మీదికి మళ్ళీ సముద్రం ఎక్కి ఇసుక పోసింది.

కింది గ్రానైటు మీద చేయి పెట్టాను. ఎర్రగుడి దగ్గర నా వీపు కాల్చిన బండకు ఇది సోదరి. రెండూ ధార్వార్ క్రేటాన్ అనే ఒకే పాతనేలవి. తుగ్గలిలో దాని నెత్తిన కప్పు లేదు. ఎండావానకు మట్టయి, నాగలికి లొంగి, సేద్యమైంది. ఇక్కడ దాని మీద క్వార్ట్జైట్ కప్పు ఉంది, కప్పు మీద అడవి ఉంది. ఒకే నేల ఒకచోట మనల్ని పోషిస్తోంది, ఇంకోచోట మన నుంచి తప్పించుకుంది. తప్పించుకోలేని మెత్తటి నేలల్లో బతికే బట్టమేకకు, కలివికోడికి రాయి అండ లేదు. వాటికి కావలసిన చోటు మనమే కావాలని విడిచిపెట్టాలి. మా సీమ చదునులో అలా విడిచిపెట్టిన చోట్లు ఇప్పటిదాకా 6.14, రెండున్నర లాంటి అంకెల్లోనే ఉన్నాయి.

ఎనిమిదో రోజు తిరిగి జొన్నగిరి దారిన వస్తుంటే వేపచెట్టు కింద పట్ట విప్పుతోంది పెద్దమ్మ. చేలల్లో దుక్కులు అయిపోవచ్చాయి, వేరుశనగ విత్తే వాళ్ళు రాళ్ళవాళ్ళను గట్టు దిగనివ్వడం లేదు.

"ఏమన్నా దొరికెనా నాయనా అడివిలో?"

బండి సంచిలోంచి వంగిన మేకు తీసి చూపించాను. తిప్పి తిప్పి చూసి చేతిలో పెట్టింది.

"దీన్ని వంచిన నేలలో పైరు పండదు గదరా," అంది.